కత్తెర మీద తొమ్మిది వేలిముద్రలు

2019 జనవరి. గ్రామ పంచాయతీ ఎన్నికలు. అప్పుడు నేను భూపాలపల్లి జిల్లాలో, చెల్పూర్ పవర్ ప్లాంటు పొగ కనిపించేంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూలుకు హెడ్మాస్టర్‌ని. మాది జనగామ జిల్లా తరిగొప్పుల. నా సబ్జెక్టు లెక్కలు. కోపం కాస్త ఎక్కువని తోటి టీచర్లు అనేవాళ్లు. ఎక్కువేం కాదు, తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు, అంతే.

టీచర్లకు ఎన్నికల డ్యూటీ కొత్త కాదు. అసెంబ్లీ ఎన్నికలకైతే ఓట్లు వేయించి, సీలు వేసి, అప్పజెప్పి ఇంటికి పోతాం. పంచాయతీ ఎన్నిక అలా కాదు. నాకు పడింది స్టేజ్-2 రిటర్నింగ్ ఆఫీసర్ డ్యూటీ. నామినేషన్లు తీసుకోవడం వరకు ఒక ఆఫీసర్ చూస్తారు, అది మొదటి స్టేజి. పోలింగు జరిపించి, అదే రోజు అదే ఊళ్లో ఓట్లు లెక్కపెట్టి, గెలిచిందెవరో చెప్పడం రెండో స్టేజి. ఓటేసిన వాళ్లంతా బడి గేటు బయటే నిలబడి ఉంటారు. ఓడిన వాళ్లూ గెలిచిన వాళ్లూ ఎదురుగానే కూర్చుని ఉంటారు. మన నోటితోనే ఆ మాట చెప్పాలి.

నాకు డ్యూటీ పడింది కాటారం నుంచి అడవి అంచున పోతే వచ్చే ఒక ఊళ్లో. పేరు రాయను. అక్కడి వాళ్లు ఇంకా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతకాలి.

పోలింగుకు ముందు రోజు మధ్యాహ్నం మేం బాక్సులతో బస్సు దిగేసరికి బడి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. వేయించింది పురుషోత్తం గారు. ఊళ్లో ఆయన్ని అందరూ పటేలు అనే అంటారు. ఇరవై ఏళ్లుగా సర్పంచ్ పదవి ఆయన ఇంట్లోనే ఉంది. ఆయనకు అనుకూలమైన రిజర్వేషన్ వస్తే ఆయన, లేకపోతే ఆయన చెప్పిన మనిషి. నెరిసిన మీసం, తెల్ల లుంగీ, మెత్తటి మాట. "మేడం, మా ఊళ్ల గెలిచినోళ్లు ఓడినోళ్లు అని ఉండదు. అందరం ఒక్కటే. మీకేం పరేషాన్ కానియ్యం. సల్లగాలుంది, అన్నం పంపియ్యమంటరా?" అన్నారు. అభ్యర్థుల దగ్గర మంచినీళ్లు కూడా తాగకూడదని మా రూలు. వద్దని దండం పెట్టాను. ఆయన నొచ్చుకోలేదు, కుర్చీలు మాత్రం ఉంచమన్నారు.

కాసేపటికి ఆయన మీద పోటీకి నిలబడిన సమ్మక్క వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. కూలి పని చేసుకునే మనిషి, కూలీల సంఘంలో చాలా ఏళ్లుగా తిరుగుతోంది. సోషలిస్టునని దాపరికం లేకుండా చెప్పుకునేది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. అభ్యర్థుల పేర్లను అక్షర క్రమంలో రాసి, జాబితాలో ఉన్న గుర్తులను వరసగా ఇచ్చేస్తారు. అలా పటేలుకు ఉంగరం, ఆమెకు కత్తెర వచ్చాయి. పోటీ వాళ్లిద్దరి మధ్యే.

మా స్టాఫులో ఒకాయన వేళాకోళానికి అడిగాడు. "ఏందక్కా, ఊరికి సోషలిజం దెస్తవంట?"

"ముందుగాల మా వాడకు మోరి దెస్త సారూ. మోరి సక్కగ పారితె ఎనుకనే గది గూడ వస్తది," అంది సమ్మక్క. మురికి కాలువ గురించి అంత సూటిగా చెప్పిన అభ్యర్థిని నేను అంతవరకు చూడలేదు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగి, "మేడం, మా ఏడో వార్డుల సదువురాని ఆడోళ్లు మస్తుమంది. రేపు జర నిదానంగ జెప్పుండ్రి" అంది.

"మా వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చారమ్మా, మీరు చెప్పక్కర్లేదు," అన్నాను. గొంతులో కొంచెం విసుగు ఉండే ఉంటుంది. నా పని నాకు నేర్పితే నచ్చదు.

పంచాయతీ ఎన్నికల్లో ఒక్కో వార్డుకు ఒక్కో పోలింగ్ కేంద్రం. ఎనిమిది వార్డులకు బడిలో ఎనిమిది గదులు లేక, ఏడో వార్డును వరండా చివర ఉన్న వంటగది పక్క గదిలో పెట్టాం. ప్రతి గదికీ పీఓ ఉంటారు, అంటే ఆ గదికి బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసర్. ఓటరు లోపలికి రాగానే పేరు చూస్తారు. బ్యాలెట్ చింపి ఇచ్చే ముందు, పుస్తకంలో మిగిలిపోయే ముక్క మీద సంతకం తీసుకుంటారు. దాన్ని కౌంటర్‌ఫాయిల్ అంటాం. సంతకం రాని వాళ్లు స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది అక్కడ ముద్ర వేస్తారు. తర్వాత రెండు కాగితాలు ఇస్తారు. సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డు మెంబరుకు తెల్లది. చాటుగా పెట్టిన బల్ల దగ్గర రబ్బరు స్టాంపు ఉంటుంది. నచ్చిన గుర్తు మీద అది గుద్ది, మడిచి బాక్సులో వేయాలి.

ఇందులో ఒక చిన్న పని ఉంది. బొటనవేలికి అంటిన సిరాను తడిబట్టతో తుడిపించాలి. లేకపోతే ఆ వేలితో బ్యాలెట్ పట్టుకుని మరకలు చేస్తారు. మా హ్యాండ్‌బుక్‌లో ఉన్న ముక్కే, ట్రైనింగులో కూడా చెబుతారు. పోలింగు రోజు పొద్దున ఏడింటికి ఏడో వార్డు గదిలో తడిబట్ట పెట్టించింది నేనే. తొమ్మిదయ్యేసరికి అది ఎండి అట్ట కట్టిందని తర్వాత తెలిసింది. మళ్లీ ఎవరూ తడపలేదు. రద్దీ అలా ఉంది. ఈమధ్య 2025 డిసెంబరులో మహబూబాబాద్ జిల్లాలో డ్యూటీ పడ్డప్పుడు, గదికో నీళ్ల సీసా నేనే కొనిపెట్టి గంటకోసారి వెళ్లి బట్ట చేత్తో పట్టి చూశాను. 2019లో మాత్రం ఆ బుద్ధి లేదు.

ఆ రోజు పది గంటలకు వరండాలో నడుస్తుంటే, ఏడో వార్డు క్యూ నుంచి లోపలికి వెళ్లిన ఒక ఆవిడ బొటనవేలిని తలుపు పక్క గోడకు రుద్దడం చూశాను. కొత్తగా సున్నం వేసిన గోడ. అప్పటికే నాలుగైదు నీలం గీతలు పడి ఉన్నాయి. నేను హెడ్మాస్టర్‌ని. ఎవరి బడి అయినా గోడ గోడే. "గోడకు రుద్దకండమ్మా! పిల్లల బడి అనుకున్నారా ఇంకేమన్నా అనుకున్నారా?" అని గట్టిగానే అరిచాను. ఆవిడ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ వెనక ముద్ర వేసి వస్తున్న వాళ్లు కూడా వేళ్లు కొంగు చాటున దాచుకున్నారు. గోడ బాగుపడిందనుకుని నేను ముందుకు నడిచాను. బట్ట ఏమైందని అడగాలని తట్టలేదు.

ఒంటిగంటకు పోలింగు అయిపోయింది. రెండింటికి లెక్కింపు మొదలుపెట్టాం. బెంచీలు అడ్డంగా పెట్టి, అటువైపు అభ్యర్థులూ వాళ్ల ఏజెంట్లూ, ఇటువైపు మేమూ. వార్డుకో బాక్సు తెరిచి, గులాబీవి తెల్లవి వేరు చేసి, ఇరవై ఐదేసి కట్టలు కట్టి లెక్కపెట్టాలి. అనుమానం ఉన్న కాగితాలను పక్కన పెడితే, చెల్లుతాయో లేదో చివరికి నేను తేల్చాలి.

మొదటి ఆరు వార్డులు అయ్యేసరికి పటేలు ముందున్నారు, కానీ ఆయన ఏజెంట్లు అనుకున్నంత ముందు లేరు. ఏడో వార్డు గులాబీ కాగితాలు విప్పుతున్న అటెండర్ చెయ్యి ఆగింది. కాగితాన్ని నా వైపు తిప్పాడు. కత్తెర బొమ్మ మీద స్టాంపు లేదు. నిండుగా, గీతలతో సహా, బొటనవేలి ముద్ర ఉంది.

తర్వాత ఇంకొకటి. ఇంకా నాలుగు కాగితాల తర్వాత మరొకటి. ఏడో వార్డు అయ్యేసరికి అలాంటివి తొమ్మిది తేలాయి. తొమ్మిదీ కత్తెర మీదే. స్టాంపు ముద్ర ఉండి, పక్కన సిరా మరక పడ్డవి ఇంకా కొన్ని ఉన్నాయి. అవి చెల్లుతాయి, చెల్లినట్టే లెక్కపెట్టాం. ఈ తొమ్మిదింటి మీద మాత్రం స్టాంపు లేనే లేదు.

ఎనిమిదో వార్డు కూడా అయ్యాక కూడిక వేశాం. ఆ తొమ్మిదీ పక్కన పెడితే పటేలుకు అయిదు ఓట్ల ఆధిక్యం. కలిపితే సమ్మక్క నాలుగు ఓట్లతో గెలుస్తుంది. నాకు లెక్కలంటే భయం లేదు గానీ, ఆ కూడికను మాత్రం మూడుసార్లు వేసి చూశాను.

"మేడం, వేలు ఏడ పడ్డదో కండ్లకు కనవడ్తనే ఉన్నది గదా. ఎవ్వలకు ఏసిండ్రో ఇంక అనుమానమేంది?" అన్నాడు సమ్మక్క ఏజెంటు. పటేలు ఏజెంటు లేచి నిలబడి రూలు, రూలు అని అరవడం మొదలుపెట్టాడు. ఇద్దరినీ కూర్చోబెట్టాను. హ్యాండ్‌బుక్ తీసి, ఆ పేజీని రెండుసార్లు చదివాను. అందులో దారి లేదు. మేం ఇచ్చిన స్టాంపుతో కాకుండా ఇంకోలా గుర్తు పెడితే ఓటు చెల్లదు. ఓటరెవరో తెలిసిపోయే గుర్తు ఉన్నా చెల్లదు. వేలిముద్ర ఈ రెండింటి కిందికీ వస్తుంది. పై ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే, "రూల్ చూసుకోండి మేడం, నిర్ణయం మీదే" అన్నారు.

సమ్మక్క వైపు వాళ్లు రీకౌంటింగ్ అడిగారు, చేశాం. అవే అంకెలు వచ్చాయి.

అప్పుడు పటేలు తన కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరకు వచ్చారు. ఆ తొమ్మిది కాగితాలనూ చాలాసేపు చూశారు. ముఖంలో కోపం లేదు. ఎవరో సొంత మనిషి మాట తప్పినట్టు చూశారు. "ఏడో వార్డోళ్లు మా పొలాలల్ల పనిజేసేటోళ్లే మేడం," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఏలిముద్రలు గదా, ఎవ్వలయో దెల్సుకోవచ్చా? గా పుస్తకంల గూడ ముద్రలున్నయి గదా," అని అడిగారు.

ఓటరెవరో తెలియకూడదన్న రూలును ఇన్నేళ్లు బట్టీ పట్టినట్టు చెప్పానే గానీ, అది ఎందుకుందో ఆ క్షణం దాకా ఒంటికి తాకలేదు. "వీల్లేదు. వీటిని ఇప్పుడే సీలు వేస్తాను," అన్నాను. అన్న మాట ప్రకారం ఆ తొమ్మిదింటినీ చెల్లనివాటి కవరులో పెట్టి, అందరి ముందూ లక్క కరిగించి సీలు వేశాను. పటేలు మళ్లీ అడగలేదు.

ఫలితం చదివాను. అయిదు ఓట్ల తేడాతో పురుషోత్తం గారు గెలిచారు. బయట డప్పులు మొదలయ్యాయి.

సమ్మక్క కదలకుండా బెంచీ మీదే కూర్చుంది. నేను కాగితాలు సర్దుకుంటుంటే అడిగింది. "నిన్న జెప్పిన గదా మేడం, మా ఆడోళ్లకు జర నిదానంగ జెప్పుండ్రని. ఏలు తుడుసుకోనియ్యలేదట. గోడకు రాసుకుంటె కొట్లాడిండ్రట. నిజమేనా?"

నిజమే అనాలి. అనలేకపోయాను. "రద్దీలో చూడలేదమ్మా. మీకు అభ్యంతరం ఉంటే ఎలక్షన్ పిటిషన్ వేసుకోవచ్చు," అన్నాను. కాగితం భాషలోకి పారిపోయాను. ఆమెకు అది తెలిసిపోయింది. "కోర్టుల సుట్టు తిరిగితే మా కూలి ఎవ్వలు జేస్తరు మేడం?" అని లేచిపోయింది. పై ఆఫీసుకు ఇవ్వాల్సిన డైరీలో ఆ రోజు 'పోలింగ్ ప్రశాంతం' అని రాశాను. ఎండిపోయిన బట్ట గురించి రాయలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

డైరీ మూసే ముందు ఒక సంగతి నా లెక్కల బుర్రకు అడ్డం తగిలింది. ఏడో వార్డు తెల్ల బ్యాలెట్లలో వేలిముద్ర పడ్డది ఒక్కటీ లేదు. అదే మనుషులు, అదే సిరా, అదే బల్ల. తెల్ల కాగితం మీద స్టాంపు గుద్దడం వచ్చిన వాళ్లకు గులాబీ కాగితం మీద ఎందుకు రాలేదు? అర్థం కాలేదు. అలసటలో వదిలేశాను.

అయిదింటికి బాక్సులు బస్సులోకి ఎక్కిస్తున్నాం. గేటు దగ్గర సమ్మక్క చుట్టూ పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలోంచి ఒక ముసలావిడ నా దగ్గరకు వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. ఎవరో వెనక నుంచి "రాజవ్వా, వద్దె" అని పిలుస్తున్నా ఆగలేదు.

"నా ఓటు పాడువడ్డదన్నది నువ్వేనా బిడ్డా?"

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్లు తినాల్సిన పనే చేశాను కాబట్టి నిలబడ్డాను. ఒకటో తరగతి పిల్లలతో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాను. "అవ్వా, తప్పు మాదే. మేం సరిగ్గా చెప్పలేదు. వేలు పెట్టొద్దు, స్టాంపు వేయాలి. మీకు తెలియక..."

"తెల్వకేంది? తెల్లకాయిదం మీద స్టాంపే ఏసిన గదా!"

"మరి గులాబీ కాగితం మీద?"

"గది సమ్మక్కది," అంది. అంతకంటే చెప్పడానికేముంది అన్నట్టు చూసింది.

సమ్మక్క దగ్గరికి వచ్చింది. "నేనే అన్న మేడం," అంది. ఉపాధి హామీ పని దగ్గర ఒక మేట్ ఉండేవాడట, పని చూసుకునే మనిషి. హాజరు రాసే మస్టర్ పుస్తకం ఖాళీగా ఉండగానే దాని మీద ఈ ఆడవాళ్ల చేత ముందే వేళ్లు వేయించుకుని, తర్వాత ఇష్టమొచ్చినట్టు రాసుకునేవాడు. సమ్మక్క దాన్ని ఆపించింది. ప్రచారంలో వాడవాడకూ తిరిగి అదే చెప్పింది. "ఇన్నొద్దులు మన ఏలు ఎవ్వలో వట్టుకొని ఎవ్వలకో ఏసుకున్నరు, గీసారి మన ఏలు మనకోసం అని జెప్పిన. ఓటెయ్యమన్న మాట అది. ఏలెయ్యమని గాదు."

"నువ్వన్నవని ఏలేసింది గాదు," అని రాజవ్వ ఆమెను ఆపేసింది. నా వైపు తిరిగింది. "గా స్టాంపు అందరికొక్కటే బిడ్డా. ఓట్లయినంక పటేలు మనుషులు ఇంటింటికొచ్చి ఎవ్వలకు ఏసినవే అంటరు. నీకేనయ్యా అంటం. ఏసినా గదే మాట, ఏయకున్నా గదే మాట. ఇరవై ఏండ్ల సంది అబద్ధమాడుకుంట బతుకుతున్న. గీపాలి అడిగితే నా ఏలు సూసుకోమందామనుకున్న."

"ఓటు రహస్యంగా ఉండాలవ్వా," అన్నాను. పటేలు అడిగిన ప్రశ్న ఇంకా నా చెవుల్లో ఉంది. "మీకు ఎవరి వల్లా ఇబ్బంది రాకూడదనే ఆ రూలు పెట్టారు."

"నాకు ఇబ్బందని ఎవ్వలు జెప్పిండ్రు నీకు?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. సమ్మక్క రాజవ్వ చెయ్యి పట్టుకుంది. సిరా ఇంకా పోని ఆ బొటనవేలిని తన చెంపకు ఆనించుకుని ఏడ్చేసింది. "ఓడిపోయిననని ఏడ్వాల్నో, గీ ఏలును సూసి మురువాల్నో సమజ్ గాకపాయె మేడం," అంది. నాకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్యూటీలో ఉన్నానని తల తిప్పుకున్నాను.

ఆ ఎన్నిక తర్వాత నేను చాలా రోజులు ఆలోచించాను. ఇవాళ మళ్లీ ఆ తొమ్మిది కాగితాలు నా ముందు పెట్టినా చెల్లవనే అంటాను. పటేలు అడిగిన ఆ ఒక్క ప్రశ్న చాలు. రాజవ్వకు భయం లేకపోవచ్చు, మిగతా ఎనిమిది మందిలో ఎవరికైనా ఉండి ఉండవచ్చు. రూలు వాళ్ల కోసం. అందులో నాకు రెండో మాట లేదు.

నా తప్పు వేరే చోట ఉంది. ఆ కాగితాలు చూడగానే 'తెలియక' అనుకున్నాను. చదువు రాదు కాబట్టి స్టాంపు గుద్దడం రాదనుకున్నాను. తెల్ల బ్యాలెట్లు కళ్లముందే వేరే సంగతి చెబుతున్నా వినలేదు. బహుశా కొందరు నిజంగానే సిరా వేలితో పొరపాటు పడ్డారేమో, అది ఎప్పటికీ తెలియదు. కానీ ఓటు ఎలా వేయాలో చెప్పడం ఒక్కటే మా పని అనుకున్నాం. ఓటును ఎందుకు దాచాలో, ఆ దాపరికం ఎవరి సొత్తో వాళ్లతో ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పి ఉంటే రాజవ్వ ఒప్పుకునేదా? వాదించేది. వాదించాక స్టాంపు వేసేదేమో. ఆ అవకాశం నేను ఇవ్వలేదు. ఇప్పుడు నా దగ్గరికి ట్రైనింగుకు వచ్చే కొత్త పీఓలకు ముందుగా చెప్పేది ఇదే. క్యూలో ఉన్న మనిషిని చూసి, ఆమెకు ఏం తెలియదో మీరే నిర్ణయించుకోకండి.

ఆ ఊళ్లో ఆ రోజు చెల్లిన ఓట్లలో ఏది ఎవరిదో నాకు తెలియదు, తెలియకూడదు. చెల్లని వాటిలో ఒకటి మాత్రం రాజవ్వది.